కోరలు లేని భీముడు

ఆసుపత్రి వరండాలో గోడకు తగిలించిన టీవీలో అమల ఫొటో వేశారు. ఫొటో కింద ఎర్ర పట్టీ మీద అక్షరాలు పరుగెడుతున్నాయి. సెల్ఫీ మోజులో యువతి, కోతి దాడి, ప్రాణాపాయం. సూర్యప్రభ ఆ మాటలు రెండుసార్లు చదివి, రిమోట్ ఎక్కడుందో వెతికే ఓపిక లేక, స్టూలెక్కి టీవీ వైరు పీకేసింది. బెంచీల మీద కూర్చున్నవాళ్లు తలెత్తి చూశారు.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక గాజుల దుకాణం మేడమీద రెండు గదుల్లో సూర్యప్రభ డిటెక్టివ్ ఏజెన్సీ నడుపుతోంది. పుట్టింది పెద్ద అంబర్‌పేట్‌లో. పెళ్లి సంబంధాల ఆరాలు, తప్పిపోయినవాళ్ల వెతుకులాటలు ఆమెకు రోజువారీ పని. ఆ సందులోనే లేడీస్ హాస్టల్ నడిపే విజయదుర్గ నిన్న మెట్లెక్కి వచ్చి, "మా అమ్మాయి తప్పు చేసిందంటున్నారండి. చెయ్యలేదని నాకు తెలుసు. మీరు రుజువు చెయ్యాలి," అని ఒక్క మాటే అడిగింది.

ఆమె కూతురు అమల డిగ్రీ పూర్తిచేసి, బాటసింగారం అవతల ఉన్న కపివనంలో వాలంటీరుగా శిక్షణకు చేరింది. కోతులాడించేవాళ్ల దగ్గర్నుంచి, ప్రయోగశాలల నుంచి విడిపించిన కోతుల్ని, కరెంటు తీగలకు తగిలి కాళ్లూ చేతులూ పోగొట్టుకున్న కోతుల్ని ఒక ట్రస్టు అక్కడ సాకుతోంది. మొన్న ఆదివారం పొద్దున భీముడనే మగ కోతి బోనులో అమల నెత్తుటి మడుగులో దొరికింది. మెడ వెనకా, కుడి ముంజేతి మీదా జంటలు జంటలుగా లోతైన గాట్లు. రక్తనాళం ఒకటి తెగింది. ఈ పొద్దున్నే ఐసీయూ నుంచి గదికి మార్చారు. ఆక్సిజన్ గొట్టం ఇంకా తియ్యలేదు. కళ్లు తెరుస్తోంది, మూస్తోంది. మాట లేదు.

ఎల్‌బీ నగర్‌లోని ఆ ఆసుపత్రి బెంచీ మీద కూర్చుని విజయదుర్గ కూతురి శిక్షణ గురించి చెప్పుకొచ్చింది. మొదటి వారమంతా పండ్లు కోయడం, తొట్లు కడగడమేనట. ఆ తర్వాత నేర్పినవి అమల రోజూ ఇంటికొచ్చి తల్లికి అప్పజెప్పేది. కోతి కళ్లలోకి సూటిగా చూడకూడదు. పళ్లు కనబడేలా నవ్వకూడదు. జుట్టు గట్టిగా ముడేసుకోవాలి. ఒక తలుపు మూశాకే రెండో తలుపు తెరవాలి. ఫోన్లు గేటు దగ్గర పెట్టెలోనే పెట్టేయాలి.

"భీముడి దగ్గర భయం లేదమ్మా అనేదండి. దాన్ని ఆడించినవాడు పట్టకారుతో కోరలు పీకేశాడట. కరవలేదు కాబట్టి కొత్తవాళ్లని ముందు దాని బోనులోకే పంపుతారట." విజయదుర్గ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ ఆగింది. "కిందటి వారం మొహం చూసి ఏ కోతి ఏదో చెప్పే పరీక్ష పెట్టారు. మా అమ్మాయి ఫెయిలయింది. అందరి ముందూ తిట్టారట. రాత్రంతా ఏడ్చింది. అది భీముడు కాదమ్మా, నేను చెప్పింది నిజం అంది."

సూర్యప్రభ ఇంకో ప్రశ్న అడిగేలోపే వెనక నుంచి దగ్గు వినబడింది. ఆ దగ్గు ఎవరిదో ఆమెకు తిరిగి చూడకుండానే తెలుసు.

పట్టాభి పోలీసు శాఖలో రిటైరై, ఇప్పుడు కపివనం ట్రస్టుకు భద్రతా సలహాదారుగా ఉన్నాడు. సర్వీసులో ఉన్నప్పుడు సూర్యప్రభ తెచ్చిన సాక్షుల్ని రెండు కేసుల్లో గుమ్మంలోంచే వెనక్కి పంపిన మనిషి. ఇస్త్రీ చొక్కా, చంకలో తోలు సంచి. విజయదుర్గకు నమస్కారం పెట్టి, సూర్యప్రభను చూసి చూడనట్టు తల తిప్పాడు. మధ్యాహ్నం ఫారెస్టు వాళ్లు వస్తారనీ, వాళ్ల అనుమతితో ఆ జంతువుకు ప్రాణం తీసే ఇంజెక్షన్ ఇచ్చేస్తామనీ, దాంతో అమ్మాయికి న్యాయం జరిగినట్టేననీ మెల్లగా చెప్పాడు.

"సెల్ఫీ మాట టీవీల వాళ్లకు చెప్పింది ఎవరు?" సూర్యప్రభ అడిగింది.

"చేతిలో ఫోనుందని చూసినవాళ్లే చెప్పారు. నేను కల్పించలేదు."

సూర్యప్రభ విజయదుర్గ సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసింది. కపివనం వాళ్లు తిరిగిచ్చిన అమల ఫోను అందులో ఉంది. అద్దం మీద చిన్న గీత కూడా లేదు. "ఆ పిల్ల బట్టలు నెత్తుట్ల నానినయి. చెప్పులు నానినయి. చేతుల ఉన్న ఫోనుకు ఒక్క చుక్క అంటలేదా?"

"ఎవరో తుడిచి ఇచ్చుంటారు."

"సాక్ష్యం తుడిచినోన్ని మీ సర్వీసుల మీరు ఏం చేస్తుండిరి, సార్?"

పట్టాభి చెవులు ఎర్రబడ్డాయి. ఆడవాళ్లతో ఆసుపత్రిలో వాదనకు దిగనని, కావాలంటే మధ్యాహ్నం కపివనానికి వచ్చి చూసుకోమని చెప్పి వెళ్లిపోయాడు. ఆయన అడుగుల చప్పుడు మెట్ల మీద వినబడినంతసేపూ సూర్యప్రభ ఆ కవరును పిడికిట్లో నలుపుతూనే ఉంది.

* * *

చేతిలో ఫోనుందని టీవీలో చెప్పిన మనిషి భానుప్రియ. ఆ బ్యాచిలో అమల కాక శిక్షణలో ఉన్నది ఆమె ఒక్కతే. నలభై దాటిన మనిషి. దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషను వెనక సందులో ఆమెకు బ్యూటీ పార్లరుంది. సూర్యప్రభ వెళ్లేసరికి ఒక పెళ్లికూతురికి చేతులకు ప్యాక్ వేస్తోంది. పని పూర్తయ్యేదాకా సూర్యప్రభ గుమ్మంలోనే నిలబడింది. పెళ్లికూతురు బయటికి వెళ్లగానే తలుపు మూసి గడియ వేసింది.

భానుప్రియ ముందు బాగానే మాట్లాడింది. కోతులంటే తనకు చిన్నప్పటి నుంచీ ప్రాణమని, అమల బంగారంలాంటి పిల్లని, ఆ రోజు కేక విని పరుగెత్తి వెళ్లేసరికి అంతా అయిపోయిందని చెప్పింది. అప్పుడు ఎక్కడున్నావని సూర్యప్రభ అడిగితే, శ్రీకళ మేడం తొట్లు కడగమని పంపిందని, వెనక నీళ్ల ట్యాంకు దగ్గరున్నానని అంది. శ్రీకళ అంటే అక్కడ శిక్షణ చూసే ఆవిడ.

"ట్యాంకు కాడికి బోను కనబడతదా?"

"కనబడది మేడం. మధ్యల గోడ ఉంటది."

"మరి చేతుల ఫోను ఎట్ల కనబడ్డది?"

భానుప్రియ చేతిలోని గిన్నెను అద్దం ముందు పెట్టేసింది. సూర్యప్రభ దగ్గరికి వచ్చి అద్దం ముందున్న సీసాలన్నీ ఒక్క విసురుతో పక్కకు తోసింది. చావుబతుకుల్లో ఉన్న పిల్ల మీద ఊరంతా నవ్వుతోందనీ, ఆ నవ్వుకు మొదలు పెట్టింది నీ నోరేననీ, గేటు దగ్గర పెట్టెలో ఉన్న ఫోను బోనులోకి నడిచి వెళ్లిందా అనీ నిలదీసింది. గొంతు పక్క దుకాణాల దాకా వినబడుతోందని తెలిసినా తగ్గించలేదు.

భానుప్రియ కుర్చీలో కూలబడి ఏడ్చింది. పట్టాభి సారే వచ్చి అట్లా చెప్పమన్నాడని, ఒంటరి ఆడదాన్నని, కాదంటే పార్లరు మూయిస్తాడని భయపడ్డానని వెక్కిళ్ల మధ్య చెప్పింది. సూర్యప్రభ పొద్దున్నుంచీ వినాలనుకుంటున్న మాట అదే. కోపం ఇంకా మండింది.

"ఆ పిల్ల అది భీముడే కాదని ముందే చెప్పింది. వాళ్లమ్మకు అన్ని చెప్పుకున్నది. రేపు జడ్జి ముంగట ఆ తల్లి నోరిప్పితే మీ పట్టాభి సారు యాడ దాక్కుంటడో చూస్త."

భానుప్రియ ఏడుపు ఆపి, కళ్లు తుడుచుకుని, "నేను చేసిన పాపానికి ఏం చెయ్యమంటే అది చేస్త మేడం," అంది.

"పోయి ఆ తల్లి పక్కన కూసో. పొద్దున్నుంచి ఆమె మంచినీళ్లు గూడ తాగలే."

భానుప్రియ వెంటనే లేచి హ్యాండ్‌బ్యాగు అందుకుంది. ఏడ్చిన మనిషి దగ్గర దాచడానికి ఇంకేమీ మిగలదని సూర్యప్రభ నమ్మకం. వెనక్కి చూడకుండా స్కూటరెక్కింది.

* * *

కపివనం గేటు దగ్గర ఫారెస్టు జీపు ఆగి ఉంది. రేంజ్ ఆఫీసర్ బాలరాజ్ మామిడి చెట్టు నీడలో కుర్చీ వేసుకుని పట్టాభి చెప్పేది వింటున్నాడు. పక్కన పశువుల డాక్టరు సిరంజి సిద్ధం చేస్తున్నాడు. శ్రీకళ స్తంభానికి ఆనుకుని నిలబడి ఉంది. ముప్పై అయిదేళ్ల మనిషి. నిద్ర లేక కళ్లు లోపలికి పోయాయి.

సూర్యప్రభ ఎవరినీ పలకరించకుండా నేరుగా బోను దగ్గరికి వెళ్లింది. ముందు ఇనుప తలుపు. దాని వెనక ఒక మనిషి నిలబడగలిగే ఇరుకు గది. దాని అవతల పైకి లేచే రేకు తలుపు. ఆ తలుపుకు కట్టిన తీగ పైన గిలక మీదుగా బోను బయటికి వచ్చి, నడవలో గోడకున్న కొక్కేనికి తగిలించి ఉంది. తీగ లాగితే తలుపు లేస్తుంది, వదిలితే పడుతుంది. సూర్యప్రభ ఇరుకు గదిలోకి వెళ్లి రేకు తలుపును రెండు చేతులా ఎత్తబోయింది. పట్టుకోవడానికి అంచు లేదు. కడ్డీల సందులోంచి చెయ్యి చాపింది. కొక్కెం చాలా దూరంలో ఉంది.

ఆమె బయటికి వచ్చి, "లోపల ఉన్న మనిషి గీ తలుపు తెరువలేదు. బయట తీగ గుంజినోళ్లు ఎవరు?" అని అడిగింది.

ఒకరు లోపల, ఒకరు తీగ దగ్గర ఉండాలన్నది ఇక్కడి నియమమని శ్రీకళ చెప్పింది. ఆ రోజు అమల లోపలికి, భానుప్రియ తీగ దగ్గరికి. తను పండ్ల గదిలో ఉంది. మార్కెట్ నుంచి భానుప్రియ ట్రస్టు కోసం తన వ్యాన్‌లో తెప్పించే పండ్లు దించుకుంటోంది.

"అబద్ధం. ఆమెను తొట్లు కడగనీకి పంపింది నువ్వు."

"నేను పంపలేదండి."

"పరీక్షల ఫెయిల్ చేసింది గూడ నువ్వు కాదా? అది భీముడు కాదని ఆ పిల్ల అంటే అందరి ముంగట ఇజ్జత్ తీసింది నువ్వు కాదా?"

పట్టాభి మధ్యలోకి వచ్చాడు. విచారణ చేసే అధికారం సూర్యప్రభకు ఎవరిచ్చారని అడిగాడు. ఫోను సంగతి భానుప్రియే తనకు మొదట చెప్పిందని, తను ఆమె పార్లరు గడప కూడా తొక్కలేదని అన్నాడు.

"బెదిరించి చెప్పించిండ్రని ఆమెనే ఏడ్చుకుంట చెప్పింది సార్."

"ఏడిస్తే నిజమైపోతుందా? మీరు ఇన్నేళ్లు ఈ పని చేసి నేర్చుకున్నది ఇదా?"

"నేను నేర్చుకున్నది, మీ మాట నమ్మొద్దని."

ఆమె డాక్టరు వైపు తిరిగి కోతి నోరు చూపించమంది. దానికి మత్తు ఇవ్వకుండా కుదరదని, మత్తు ఎలాగూ ఇస్తున్నామని, తర్వాత చూసుకోమని పట్టాభే జవాబిచ్చాడు. తర్వాత అంటే బూడిదయ్యాకనా అని సూర్యప్రభ అడిగింది. బాలరాజ్ కుర్చీలోంచి లేచాడు.

సూర్యప్రభ బోను వెనక వైపుకు నడిచింది. మగ కోతి మూలన వీపు గోడకు ఆనించి కూర్చుని ఉంది. మొన్నటి నుంచీ తిండి ముట్టలేదని పక్కనే ఎండిపోయిన పండ్ల కుప్ప చెబుతోంది. ఆమె జాలీ ముందు గొంతుక్కూర్చుని, విజయదుర్గ చెప్పిన నియమాలన్నీ గుర్తు చేసుకుని, వాటికి సరిగ్గా వ్యతిరేకం చేసింది. జుట్టు ముడి విప్పింది. కోతి కళ్లలోకి సూటిగా, రెప్ప వెయ్యకుండా చూసింది. తర్వాత నోరు బార్లా తెరిచి పళ్లన్నీ చూపించింది.

శ్రీకళ వద్దండి అంటూనే ఉంది. కోతి ఒక్క దూకులో జాలీ మీద పడింది. బోనంతా దద్దరిల్లింది. సూర్యప్రభ వెనక్కి జరగలేదు. ఆమె మొహానికి జానెడు దూరంలో కోతి నోరు తెరుచుకుంది. పైన రెండు, కింద రెండు. పసుపు పచ్చగా, వేలి కణుపంత పొడవున, కొనలు సూదుల్లా ఉన్న నాలుగు కోరలు.

డాక్టరు సిరంజికి మూత పెట్టేశాడు.

"భీమునికి కోరలు పీకిండ్రని మీ దగ్గర అందరికి తెలుసు గద," బాలరాజ్ మెల్లగా అన్నాడు. "మల్ల గిదెవరు?"

శ్రీకళ నేల మీద కూర్చుండిపోయింది. నెలన్నర సెలవు తర్వాత వచ్చానని, అదే బోను, అదే సైజు, అదే చిరిగిన చెవి ఉంటే అదే అనుకున్నానని చెప్పింది. "నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల నాకు చెప్పేదేంటి అనుకున్నాను. ఒక్కసారి నోరు చూసుంటే సరిపోయేది. చూడలేదు."

అడవిలోంచో, మార్కెట్ గోడల మీంచో పట్టుకొచ్చిన కోతి చెవి చింపి, భీముడి చోట పెట్టారు. అసలు భీముడు ఎటు పోయాడో తెలియదు. దాని వెనక ఇంకెన్ని పోయాయో తెలియదు. అది భీముడు కాదని తెలుసుకున్న పిల్లను ఆ బోనులోకే పంపి, తలుపు ఎత్తారు. ఇంజెక్షన్ వద్దనీ, బోనుకు తన తాళం వేస్తాననీ బాలరాజ్ చెప్పాడు. పట్టాభి కోతి వైపే చూస్తున్నాడు. ఆయన మొహంలో దొరికిపోయిన భయం లేదు. మోసపోయిన మనిషి సిగ్గు కనబడింది. అది సూర్యప్రభకు నచ్చలేదు. ఆమెకు ఇంకా అరవాలనే ఉంది.

అప్పుడే ఫోను మోగింది. విజయదుర్గ.

"మీరు చెప్పినట్టే చేశామండి."

"నేనేం చెప్పిన?"

"అమలకి అక్కడ ప్రమాదమనీ, రింగ్ రోడ్డు దగ్గర పెద్దాసుపత్రికి మార్చమనీ మీరన్నారట కదా. భానుప్రియ గారు దగ్గరుండి అన్నీ చూశారు, పాపం. ఆంబులెన్సు ముందెళ్లింది. మేం ఆవిడ కారులో వెనకాలే..."

లైను తెగింది. మళ్లీ చేస్తే పోలేదు. సూర్యప్రభ ఆసుపత్రికి చేసింది. తల్లి ఇష్టపడి తీసుకెళ్లిందని నర్సు చెప్పింది. బయటి ఆంబులెన్సని, డ్రైవరు విజయవాడ రోడ్డన్నాడని కూడా చెప్పింది.

సూర్యప్రభ చేతిలో ఫోను అలాగే ఉండిపోయింది. పండ్లు తెచ్చే భానుప్రియ వ్యాను. దింపాక తిరిగి వెళ్లే డబ్బాలు. ఆ డబ్బాలు ఖాళీగా వెళ్తున్నాయని ఎవరు చూశారు? భీముడు పోయింది వాటిలోనే. ఒక ఆడది ఏడ్చిందని నమ్మి, ఇద్దరు నిజం చెబుతుంటే వాళ్ల మీద అరుస్తూ కూర్చుంది. ఆ తల్లికి అన్నీ తెలుసని తన నోటితో తనే చెప్పి, తనే భానుప్రియను ఆమె పక్కన కూర్చోబెట్టింది.

"జీపు తీయుండ్రి," అంది బాలరాజ్‌తో. పట్టాభి ఏమీ అడగకుండా తన కారు వైపు పరుగెత్తాడు.

హైవే మీద పండ్ల లారీలు వరుసగా ఆగి ఉన్నాయి. బాలరాజ్ జీపును రోడ్డుకు అడ్డంగా పెట్టించాడు. మిగిలిన సందులో పట్టాభి తన కారును నిలిపి, పాత అలవాటుతో రోడ్డు మధ్యకు వచ్చి చెయ్యెత్తాడు. సైరను దూరం నుంచి వినబడింది. ఆంబులెన్సు బ్రేకులు అరుచుకుంటూ ఆగింది.

వెనక తలుపు సూర్యప్రభే తెరిచింది. లోపల అమల ఒక్కతే ఉంది. నర్సు లేదు. ముక్కు దగ్గర గొట్టం ఉంది గాని, సిలిండరు మీట బిగించి ఉంది. పెదవులు నీలంగా మారాయి. సూర్యప్రభ మీట తిప్పింది. వెనకాలే వచ్చిన డాక్టరు లోపలికెక్కి పిల్ల ఛాతీ మీద చెయ్యి వేశాడు. కాసేపటికి అమల గట్టిగా ఊపిరి లాగింది. కళ్లు తెరిచింది.

డ్రైవరు చేతులు జోడించాడు. తనకేమీ తెలియదనీ, గొట్టాలన్నీ ఆ పార్లరు మేడమే సర్దిందనీ, సూర్యాపేటలో ఆసుపత్రి పేరు చెప్పి వెనకే వస్తానందనీ అన్నాడు. ఆమె తెల్లకారు రింగ్ రోడ్డు దాకా అద్దంలో కనబడిందట. ఆ తర్వాత లేదు.

అమల పెదవులు కదిలాయి. సూర్యప్రభ వంగి చెవి దగ్గర పెట్టింది.

"అమ్మ ఏదండి?"

సూర్యప్రభ కిందికి దిగింది. విజయదుర్గ నంబరు మళ్లీ నొక్కింది. ఈసారి మోగింది. చాలాసేపు మోగాక అవతల ఎత్తారు. ముందు కారు శబ్దం వినబడింది. తర్వాత భానుప్రియ గొంతు. పొద్దున ఏడ్చిన గొంతు కాదు. పార్లరులో పెళ్లికూతురితో మాట్లాడినంత మెత్తగా ఉంది.

"అమ్మ పండుకుంది మేడం. మీరు చెప్పిండ్రు గద, పొద్దున్నుంచి ఏం తాగలేదని. జూస్ తాపించిన."

పట్టాభి కారు స్టార్టు చేసి పక్క తలుపు తెరిచి పట్టుకున్నాడు. సూర్యప్రభ ఫోను చెవికి అదిమి, అరవకుండా ఉండటానికి పెదవి కొరుక్కుంది.